దొంగ కాకా, పిచ్చుకా?

కొవ్వూరు,
జూలై 1998

మురళన్నయ్యకి,

కంగారుపడకు, మంచి కబురే. పక్షవాతంతో నాన్నగారికి మాట పడిపోయిన దగ్గర్నుంచి, నేను రాస్తున్న డిటెక్టివ్ నవల రోజూ ఆయనకి చదివి వినిపిస్తున్నాను. అందులో పేదరాశి పెద్దమ్మే డిటెక్టివ్. రాజుగారి ఎండు చేప మాయమైతే, పూటకూళ్ల పొయ్యి ఆర్పేసి వచ్చి కాకినీ పిచ్చుకనీ నిలదీస్తుంది. కాకికి చేతుల్లేవు కనుక కాళ్లకే బేడీలు వేసే ఘట్టం నిన్న చదువుతుంటే, నాన్నగారు మంచం పట్టె మీద కొట్టి, "కాకి... కాదే," అన్నారు.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏంటండీ, మళ్లీ అనండి!" అంటూ ఏడ్చేసింది.

"పిచ్చుకే దొంగ," అన్నారాయన చిరాగ్గా.

నా నవలలో దొంగ కాకే. మార్చను. ఆయన ఇంకా వాదించాలి కదా! ఆదివారం మిల్లుకి సెలవు పెట్టి రా. దొంగ కాకేనని నువ్వు కూడా ఆయనతో గట్టిగా పోట్లాడాలి.

నీ చెల్లి