రత్నమ్మక్క గొంతున్న డిస్కులు

అక్టోబరు 6, మదనపల్లె
రేపు పుంగనూరు. గోవిందప్ప అన్న ఫోటో స్టూడియోలో సర్వర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టం వేయాలి. కంపెనీవాళ్లిచ్చిన సెటప్ టూల్ ఉంది, గంట పని. కానీ ఆ టూల్‌ది బకాసురుడి వంశం — ఎదురుగా కనబడిన డిస్కునల్లా తుడిచిపెట్టాకే సిస్టం ఎక్కిస్తుంది. అందుకే మా ఆఫీసు గోడమీద నా శాసనం: ‘డేటా డిస్కులు ముందు ఊడబెరుకు. మిగిలినవాటి నంబరు చదువు. తర్వాతే మీట నొక్కు.’ కింద నా సంతకం. బి.టెక్., మూడు సప్లీల విజేత.

అక్టోబరు 7
పోయింది. రాయలేను.

అక్టోబరు 8
రాస్తాను.
నాలుగు డిస్కులు. ఒకటి, రెండు గూళ్లలో సిస్టం; మూడు, నాలుగులో పెళ్లి వీడియోలు. మూడూ నాలుగూ ఊడబెరికి బల్లమీద పెట్టాను. మిగిలినవాటి నంబర్లు చదవబోతే, చీటీలమీద సరిగ్గా అంకెలున్నచోటే కుంకుమబొట్లు. బొట్టు తుడవడానికి చెయ్యి రాలేదు. పోనీలే అనుకున్నాను. శాసనకర్తను కదా. తెరమీద ప్రశ్న: ‘ఈ డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. కొనసాగించాలా?’ అన్నకేదో జోకు చెబుతూ నొక్కాను. ఆయనా నవ్వుతున్నాడు.

బల్లమీది డిస్కులు తిరిగి పెడితే — వాటిలో ఉన్నది పాత సిస్టం.
“అన్నా, వీటిని ఎవరన్నా తీసినారా?”
“ఆయుధపూజకు నేనే తీసినా కదప్పా. తుడిసి, బొట్టు పెట్టి, మళ్లా ఆడనే పెట్టినా. యాల?”
ఆడనే కాదు. గూళ్లు మారాయి. ఏ గూట్లో ఉన్నా సర్వర్ గుర్తుపట్టి నడిచింది కాబట్టి ఆయనకు తెలియలేదు. నాకు తెలియాల్సింది.

అక్టోబరు 9
ఎడిట్ చేసిన వీడియోలు ఆయన ఇంట్లో ఉన్నాయట. ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాలే.
“వాటిల్లో పాటలు ఏసేసినాం గదప్పా. ఆయమ్మ గొంతు యాడ ఉంటాది?”
ఆయమ్మ — రత్నమ్మక్క, ఆయన భార్య. ఇరవై ఏళ్లు కెమెరా పట్టింది. ఉగాది ముందు పోయింది. “ఆధార్ కార్డులో తప్ప యాడా ఫోటో లేదు. ఎప్పుడూ కెమెరా ఎనకాలే.” ఆ డిస్కుల్లోని కత్తిరించని వీడియోల్లో మాత్రం గొంతుండేది... ‘ఇట్ల సూడప్పా పెండ్లికొడకా. నగు, పండ్లు రాలిపోవులే.’ రోజూ షాపు తెరవగానే అది పెట్టుకుని వినేవాడట.
“తిట్టన్నా,” అన్నాను.
“తిడితే వస్తాదా?”

అక్టోబరు 11
పోయిన డేటా వెలికితీసే బెంగళూరువాడు చెప్పాడు — ఫోటోలు కొన్ని రావచ్చు, వీడియోలమీద ఆశ వద్దు.
శాసనం గోడమీదినుంచి చించేశాను. మళ్లీ అతికించాను. తప్పు దానిది కాదు.

అక్టోబరు 13, కుప్పం
స్టూడియో నోటుపుస్తకం చూసి, పెళ్లి వీడియో తీయించుకున్నవాళ్లందరికీ ఫోన్లు, కత్తిరించనిది ఉందా అని. ముప్పై ఇళ్ల తర్వాత ఒకటి దొరికింది. సెల్వం, గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. “మాకు పాటలు గీటలు వద్దు, ఉండేది ఉండినట్లే ఇయ్యమంటిమి.” వాళ్లమ్మ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చింది, పసుపు అంటుకుని. “పెండ్లిది గదా నాయనా, పసుపు డబ్బాలోనే బద్రంగా పెట్టినా.”
పుణ్యాత్మురాలు. గోవిందప్ప అన్నకు ఫోన్ చేశాను.

అక్టోబరు 14, పుంగనూరు
షాపు కడిగి, నాకో కుర్చీ, తనకో కుర్చీ వేసి ఉంచాడు. స్పీకర్ శబ్దం పెంచి పెట్టుకున్నాడు.
పసుపు గీకి, తుడిచి, గుచ్చాను. తెరమీద ప్రశ్న: ‘ఈ డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?’
ఈసారి చదివాను. మూడుసార్లు. అవునంటే ఇదీ తుడుచుకుపోతుంది.
“ఏమంటాండాది అప్పా?” కళ్లజోడు కోసం జేబు తడుముతున్నాడు.
ఊడబెరికేశాను. జోకు ఒక్కటీ రాలేదు. “కేబుల్ బాగలేదన్నా. రేపు మంచిది తెస్తా.”
పెన్‌డ్రైవ్‌కు కేబుల్ ఉండదు. ఇరవై ఏళ్లు స్టూడియో నడిపిన మనిషి ఆయన.
“సరే అప్పా, తీసకరా,” అన్నాడు. స్పీకర్ మాత్రం ఆపలేదు.