స్పీకర్ల బొట్టు

ఏవండీ,

కొల్లూరు అక్క దగ్గరికి వెళ్తున్నాను, రేపు సాయంత్రానికి వస్తాను. దోసకాయ పప్పు చేసి మూత పెట్టాను, అన్నం మీరు కుక్కర్లో పెట్టుకోండి. పాలు కాచి ఫ్రిజ్‌లో ఉంచాను. హోమ్ థియేటర్ స్పీకర్ల చుట్టూ మీరు అంటించిన నీలం లైట్లు పడుకునే ముందు ఆపేయండి.

ఆ లైట్ల గురించే ఒక మాట. "పాత స్పీకర్లే మాధురీ, చుట్టూ లైట్లు వేశాను కదా, అందుకే కొత్తవాటిలా ఉన్నాయి" అన్నారు. సరే అన్నాను గానీ, వారం నుంచి అనుమానం పీకుతూనే ఉంది. పొద్దున దుమ్ము తుడుద్దామని లైట్లు ఆపి చూశాను. దసరాకి నేను స్పీకర్లకి ముందు పసుపు రాసి, దాని మీద ఉంగరం వేలితో చిన్న కుంకుమబొట్టు పెట్టాను. ఇప్పుడున్న బొట్టు కింద పసుపే లేదు. పైగా బొటనవేలితో అద్దినంత పెద్దగా ఉంది. నీలం వెలుగులో పసుపు ఉందో లేదో ఎవరు చూస్తారులే అనుకుని ఉంటారు.

ఆ పాతవి గృహప్రవేశానికి మా నాన్న కొనిచ్చినవి. నిన్న బాపట్ల నుంచి మీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు వెనకాల పాట అంత గట్టిగా ఎందుకు మోగిందో ఇప్పుడు అర్థమైంది. నాతో ఒక్క మాట అని ఉంటే నేనే తుడిచి, సర్ది పంపేదాన్ని. ఆదివారం నాన్న వస్తున్నారు, ఆయనకి మీరే చెప్పుకోండి.

మాధురి

మర్చిపోయాను. ఈ కొత్తవాటికి నేను కూడా బొట్టు పెట్టాను. ఈసారి ఎక్కడ పెట్టానో మాత్రం చెప్పను.