వెలిసిపోయిన చీటీ

అక్కా,

ఇది చదివాక చించెయ్. మేడమీద గదిలో గడియ పెట్టుకుని రాస్తున్నాను. కింద కొట్టులో మావయ్య దగ్గినప్పుడల్లా కలం ఆగిపోతోంది.

నీ పెళ్లయ్యాక పెట్టిన నాణేల కొట్టు కదా, నీకు దీని సంగతి తెలీదు. పాత నాణేన్ని పరీక్షించే కంపెనీ, అదెంత అరిగిందో చూసి గ్రేడు వేసి, ఆ గ్రేడు రాసిన చీటీతో సహా ప్లాస్టిక్ డబ్బీలో మూసేస్తుంది. వెనకటి రోజుల్లో గ్రేడు మహా పిసినారిగా వేసేవారని కొనేవాళ్ల నమ్మకం. అందుకే చీటీ రంగు వెలిసిన పాత డబ్బీ కనిపిస్తే చాలు, అదే గ్రేడున్న కొత్తదానికంటే ఎక్కువ పోస్తారు. లోపలి నాణెం ముఖం చూసేవాడు లేడు! మనుషుల్నీ మనవాళ్లు ఇలాగే కొలిచారు కదా అంటే, మళ్లీ ఉపన్యాసమా అంటావు. అవును, ఉపన్యాసమే. మొన్న నా కళ్లతో చూశాను మరి.

మావయ్య పాత డబ్బీ అంచుని సన్నటి రంపంతో కోశాడు. మంచి నాణెం తీసేసి, అరిగిపోయినదానికి మెరుగుపెట్టి లోపల ఇరికించి, జిగురుతో అతికించాడు. తలెత్తితే ఎదురుగా నేను.

"చూశావా?"

"లేదు మావయ్యా."

"చూసినా ఏంలే. అమ్మ పోయాక మిమ్మల్నిద్దర్నీ ఎవరు సాకారో మర్చిపోయే రకం కాదుగా నువ్వు" అని నవ్వాడు.

రేపు ఆ డబ్బీ కోసం ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకావిడ వస్తోంది. చేతికొచ్చిన సొమ్మంతా దానిమీదే పెడుతుందట. అన్నం పెట్టిన చెయ్యే, నోరు మూసుకో అంటావు నువ్వు. అన్నం పెట్టింది కనక అది ఏం చేసినా కళ్లకద్దుకోవాలా? ఇలా రాస్తున్నానే గానీ, భయంగానే ఉంది. నోరు తెరిస్తే కొట్టులోంచే కాదు, ఈ గదిలోంచీ గెంటేస్తాడు. సభల్లో మైకు పట్టుకుని అరిచే నేను ఈ ఒక్క మనిషి ముందు పిల్లినైపోతాను.

నీ చెల్లి

అక్కా,

నీ జవాబు రాకముందే అయిపోయింది.

"అమ్మాయీ, ఇది నిజంగా పాతదేనా?" అని నర్సమ్మ నన్నే అడిగింది.

"చీటీ చూడండమ్మా, ఎలా వెలిసిందో! చూపించవే" అంటూ మావయ్య డబ్బీ నాకేసి తోశాడు. అందుకుని, నర్సమ్మకి చూపిస్తున్నట్టు పైకెత్తాను. డబ్బీ వదిలేశాను.

కంపెనీ మూసిన డబ్బీ మేడమీంచి పడేసినా విడిపోదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది మావయ్యే. ఇది సిమెంటు నేలమీద పడి రెండుగా ఊడింది. నాణెం దొర్లుకుంటూ వెళ్లి నర్సమ్మ చెప్పు దగ్గర ఆగింది. అంతసేపూ చీటీనే చూసిన మనిషి, వంగి తీసి, కళ్లజోడు సర్దుకుని, అప్పుడు నాణేన్ని చూసింది.

"విడిపోదన్నారుగా?" అంది మావయ్యతో. ఇంకేం మాట్లాడకుండా సంచి తీసుకుని వెళ్లిపోయింది.

"చెయ్యి జారింది మావయ్యా" అన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

బట్టలు సర్దుకున్నాను. నీ దగ్గరికే వస్తున్నాను. ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. అన్నిటికీ వాదించే నా నోటికి ఇదంతా నీ ఎదుట చెప్పే ధైర్యం లేదు. బయటికెళ్లాలంటే ఆయన కూర్చున్న చోటు దాటాలి. ఇందాకట్నుంచీ దగ్గు వినపడటం లేదు.

దిగుతున్నాను అక్కా.

నీ చెల్లి