ఆదెయ్య బావ పెట్టె ఎందుకు ఆగింది

జువ్వలదిన్నె

మహాలక్ష్మి అక్కకు,

తమ్ముడు మధుబాబు నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. ఆ మాట లేకపోతే నువ్వు మిగతాది చదవవని రాస్తున్నాను గానీ, బావ పోయాక ఈ ఇంట్లో బాగుండటమంటే వేళకింత తినడమే. పాపకు జ్వరం తగ్గిందా? చిట్టమూరు నీళ్లు దానికి పడటం లేదేమో, కాచి ఇవ్వమని పిన్నమ్మకు చెప్పు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే చెప్పదలచింది సగంలోనే మింగేస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. బోటు ఎక్కడుందో ఒడ్డుకు చెప్పే పెట్టెను బావే ఆపేశాడా అన్నది మొదటిది. ఊరంతా అదే అంటోంది. చేపలు పడే చోటు పక్క బోటువాళ్లకు తెలియకూడదని వైరు పీకడం మనవాళ్లకు అలవాటే, అందులో బావేమీ తక్కువ తినలేదు. బావతో పాటు పోయిన హజరత్తయ్య భార్య నిన్ను నడివీధిలో నిలేసి, "నీ మొగుడు వైరు పీకబట్టే గదా నా మొగుడు గూడా దొరక్కుండా పోయినాడు" అన్నప్పుడు నేనూ నిజమేననుకున్నాను.

బావ ఆపలేదక్కా. ఆ పెట్టెలు చేసే కంపెనీలోనే నా ఉద్యోగం కాబట్టి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన బోటులోంచి దాన్ని విప్పి తెచ్చుకున్నాను. పెట్టెలో అన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రాంను కెర్నల్ అంటారు. బటన్ నొక్కిన సంగతి దానికి చేరవేసే చిన్న ప్రోగ్రాం డ్రైవర్. కెర్నల్ కూలితే పెట్టె మొత్తం మూగబోతుంది, కానీ కూలేముందు ఏం చేస్తోందో లోపల రాసిపెట్టుకుంటుంది. వైరు పీకి ఉంటే అలాంటి రాత ఉండదు. ఇందులో ఉంది. కూలింది ఆపదలో నొక్కే ఎర్ర బటన్ డ్రైవర్‌లో. అంటే బావ సాయం కోసం బటన్ నొక్కాడు.

మరి ఎందుకు కూలింది? ఆఫీసులో అలాంటి పెట్టెనే బల్ల మీద పెట్టుకుని నొక్కి చూశాను. దీపం వెలిగేది, కబురు వెళ్లేది. ఎన్నాళ్లు నొక్కినా అంతే. విసుగొచ్చి ఒకరోజు నొక్కిన బటన్‌నే వెంటవెంటనే నొక్కాను. పెట్టె చచ్చిపోయింది. మొదటి కబురు బయలుదేరకముందే రెండోసారి నొక్కితే, డ్రైవర్ ఆ కబురు దాచిన చోటును ఖాళీ చేసేస్తోంది. కెర్నల్ ఆ ఖాళీలో వెతికి కూలిపోతోంది. ఒక్కసారి నొక్కి తీరిగ్గా కూర్చునే మనిషి కోసం రాసిన కోడ్ అది. మునిగే మనిషి అలా కూర్చుంటాడా? నాకు ఒళ్లు మండిపోయింది.

"ఉప్పునీళ్లు దిగినాయని రాసెయ్ మధూ, ఎవురడగతారు" అన్నాడు మా మేనేజరు. నేను ఉన్నదున్నట్టు రాసిచ్చాను. హజరత్తయ్య భార్యకు కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చి, "మీ అక్కను రమ్మను" అంది.

ఇక నీకు చెప్పకుండా దాచేద్దామనుకున్న సంగతి. పెట్టెలు మార్చేదాకా ఎర్ర బటన్ ఒక్కసారే నొక్కమని రేవులో అందరికీ చెబుతున్నారు. అది నీ చెవిన పడితే నీకు ఇట్టే అర్థమవుతుంది. పరాయివాళ్ల నోట వినడం కన్నా నేను చెప్పడమే నయం. బోటు దింపే రోజు నువ్వు బావతో అన్న మాట నేనూ విన్నాను. "ఒకసారి నొక్కి ఊరుకోబాక. ఎవురో ఒకరు పలికేదాకా నొక్కతానే ఉండు" అంటివి. బావ విననట్టే వల సర్దుకున్నాడు.

నీ మాటలో తప్పు లేదక్కా. ఎవరైనా అదే చెబుతారు. తప్పంతా ఆ కోడ్‌ది, దాన్ని చూడని మాది. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు, ఆదివారం వస్తున్నాను.

నువ్వు అడిగిన రెండోది, "ఆ మనిషి నా మాట ఒక్కటన్నా విన్నాడా" అని. బావ నీ మాట విన్న రోజు సముద్రం ఎండిపోతుందని మనం నవ్వుకునేవాళ్లం.

విన్నాడక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు,
మధుబాబు