గూట్లో నూనె సీసా

మాణిక్యం,

నువ్వు రేవు నుంచి వచ్చేసరికి నా బస్సు వెళ్ళిపోతుంది, అందుకే రాసిపెడుతున్నాను. మా తమ్ముడి పిల్ల బారసాల చూసుకుని ఎల్లుండి వస్తాను.

గుంటగలగరాకు రసం పోసి కాచిన కొబ్బరినూనె వంటింటి గూట్లో ఉంది. రోజూ కుదుళ్ళకి పట్టించు. ఎంత దురద పెట్టినా గోళ్ళతో గోకకు, నిన్న నీ దువ్వెనకి నెత్తురంటింది. ఇన్నాళ్ళూ నీకు రాలిన వెంట్రుకలన్నీ ఏరి సవరం కట్టించాను. నా పెట్టెలో ఉంది, రేపు పేరంటానికి పెట్టుకుని వెళ్ళు.

ఇరవై ఏళ్ళకే నీ జుట్టు ఎందుకిలా పల్చబడుతోందో అమలాపురం డాక్టరుగారికే అంతుపట్టలేదు. అత్తయ్యగారికి మాత్రం తెలిసిపోయింది. "బయటివాళ్ళ దిష్టి కాదమ్మా, ఇంట్లో కళ్ళే తగిలేయి" అని నా వంక చూసేరు. తగిలేయేమో. నువ్వు కాపరానికి వచ్చిననాడు మోకాళ్ళదాకా ఉన్న నీ జడని రెప్ప వెయ్యకుండా చూసిన మాట నిజమే.

కానీ నేను కుళ్ళుకున్నది జడ చూసి కాదు. రోజూ పెరటి అరుగు మీద ఆవిడ నీ తల ఒళ్ళో పెట్టుకుని, పాయలు తీసి నూనె రాస్తుంటే వంటింట్లో నాకు చేతులాడేవి కావు. ఈ జబ్బొచ్చాక ఆ ముద్దు ఇంకా ఎక్కువైంది. నేను పెద్దకోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళు. నా తల ఒక్కనాడూ ముట్టుకోలేదు.

వీరాయమ్మ

నూనె మొత్తం అవగొట్టకు. నేనొచ్చాక నువ్వైనా నా తలకి పెడుదువుగాని.