పై డెక్కుకి పందొమ్మిదేళ్ళు

ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన గ్రీజు బావకి,

ఓడ దిగి ఎనిమిదేళ్ళయినా నిన్ను ఇంకో పేరుతో పిలవడానికి నాకు నోరు రావడం లేదు. ఇంజన్ గదిలోంచి నల్లగా నువ్వూ, లాండ్రీలోంచి తెల్లగా నానిపోయి నేనూ వచ్చి, ఆ కిటికీ లేని గదిలో పై మంచం, కింద మంచం పంచుకున్న రోజుల్లో ఎవడో పెట్టిన పేర్లు మనకి అలాగే అతుక్కుపోయాయి. అక్కయ్య కులాసాగా ఉందని తలుస్తాను. ఇక్కడ నా పరిస్థితే బొత్తిగా బాగాలేదు. ఒంట్లో బాగానే ఉంది, ఇంట్లోనే వచ్చింది చిక్కంతా.

మీ చెల్లెలు పోయిన నెల ఆసుపత్రి నుంచి రిటైరయింది. ముప్పై రెండేళ్ళు ఎక్స్‌రే గదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఎముకలు చూసిన మనిషి, బయటికి రాగానే "నేనిక సముద్రం చూడాలండీ" అంది. చూద్దువుగాని, దానికేం భాగ్యం అన్నాను. ఒక సాయంత్రం అలా ఒడ్డుకి తీసుకెళ్తే సరిపోతుంది అనుకున్నాను. మర్నాడు కాఫీ కప్పు పక్కన ఒక కవరు పెట్టింది. అందులో మూడు టికెట్లు. తనకి, నాకు, అమ్మాయికి. పది రోజుల ఓడ ప్రయాణం, మంచుకొండల దాకా. "పందొమ్మిదేళ్ళు మీరొక్కరే చూశారు. ఇప్పుడు మాకు చూపించండి" అంది.

పైకి నవ్వాను కానీ గుండె గుభేలుమంది. ఎందుకో నీకు తెలియదు బావా. పదకొండేళ్ళు ఒకే గదిలో పడుకున్న నీ దగ్గర కూడా దాచిన సంగతి ఇది.

నేను వారం వారం ఇంటికి ఉత్తరం రాస్తుంటే నువ్వు పై మంచం మీంచి తొంగి చూసి, "అంతేసి ఏం రాస్తావోయ్, ఇక్కడ మనకి జరిగేదేముంది?" అని వెక్కిరించేవాడివి. జరగనివే రాసేవాణ్ణి. ఓడలో చేరిన మొదటి నెల, నువ్వింకా రాకముందు, ఒక పొద్దున్న డ్యూటీ దిగి, సముద్రం ఎలా ఉంటుందో చూద్దామని తడి బట్టలతోనే మెట్లెక్కి పై డెక్కు తలుపు తోశాను. కళ్ళకి ఎండ తగిలింది. నీళ్ళు ఇంకా చూడనే లేదు. ఒక ఆఫీసరు గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, కుర్చీల్లో వాలి ఉన్న ప్రయాణికులకి క్షమాపణ చెప్పాడు. నేను వాళ్ళ కళ్ళపడినందుకు! తరవాత కింద పడిన గుడ్డముక్కని ఏరి పారేసినట్టు నన్ను తీసుకెళ్ళి మెట్ల మీద వదిలేశాడు. తల కొట్టేసినట్టయింది. ఆ రోజే ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. "డెక్కు మీద నిలబడితే గాలి ఎలా ఉంటుంది?" అని అడిగింది మీ చెల్లెలు. ఏం రాయను? చల్లగా, హాయిగా ఉంటుందని రాశాను.

అది మొదలు. గదులు సర్దేవాళ్ళు చెప్పుకునే కబుర్లూ, ప్రయాణికులు చొక్కా జేబుల్లో మర్చిపోయిన పోస్టుకార్డులూ అన్నీ కలిపి కొట్టేవాణ్ణి. తిమింగిలాలు చూశానన్నాను. మంచుకొండలు విరిగి నీళ్ళలో పడటం చూశానన్నాను. పందొమ్మిదేళ్ళలో నేను చూసినవల్లా దుప్పట్లు, తువ్వాళ్ళు.

ఇప్పుడు మా అమ్మాయి ఆ ఉత్తరాలన్నీ ఫైలులో పెట్టుకుని ప్రతి ఆదివారం దిగుతోంది. బళ్ళో భూగోళం పాఠాలు చెప్పే పిల్ల కదా, బల్ల మీద మ్యాపు పరుస్తుంది. "నాన్నా, మంచుకొండలు కుడివైపు నుంచి బాగా కనిపిస్తాయని రాశావు. కుడివైపు గది తీసుకుందామా? ఏ అంతస్తులో ఊపు తక్కువ? అమ్మకి వాంతులవుతాయేమో, ఏం చెయ్యాలి?" నాకు తెలిసిన ఓడంతా నీటి మట్టానికి కిందే కదా బావా! పైన భోజనాల హాలు ఏ మూల ఉంటుందో కూడా తెలియదు. ఓడెక్కిన మొదటి గంటలోనే నా బండారం బయటపడుతుంది.

అందుకే ఒక నిశ్చయానికి వచ్చాను. నిన్నటి నుంచి మోకాలు నొప్పి అంటూ కుంటుతున్నాను. ఇంకో వారం ఇలాగే కుంటితే టికెట్లు వాపసు చేసేస్తారు. తప్పని తెలుసు. వేరే దారి తోచడం లేదు. నన్ను మరీ తీసిపారెయ్యకు.

నీ
సబ్బు

*

బుధవారం, ఉదయం పది గంటలు

బావా,

నీ జవాబు అందింది. రెండు పేజీల నిండా తిట్లు, కింద మాత్రం "ముందు చెప్పెయ్, కావాలంటే తరవాత కుంటు" అని ఒక్క ముక్క. అది చేతికొచ్చేసరికే ఇక్కడ అంతా జరిగిపోయింది.

ఎముకల డిపార్ట్‌మెంటు మనిషిని ఇంట్లో పెట్టుకుని మోకాలు నొప్పి నాటకం ఆడానంటే నా తెలివి చూడు! నాలుగో రోజున "పదండి" అని బస్సెక్కించి తన పాత ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తన సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయిని కాస్త జరగమని, స్వయంగా తనే ఎక్స్‌రే తీసింది. ఫిల్మును వెలుతురు పెట్టెకి తగిలించి, కళ్ళజోడు సర్దుకుని, కిందనుంచి పైకి చూసింది, పైనుంచి కిందికి చూసింది.

"ముప్పై ఏళ్ళవాడి మోకాల్లా నిగనిగలాడుతోంది. ఇప్పుడు చెప్పండి. నొప్పెక్కడ?"

ఆ కొత్తమ్మాయి నవ్వాపుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఒక ప్యాంటు కాలు పైకి మడిచి బల్ల మీద కూర్చున్నవాడికి ఇంకా అబద్ధం ఏం సాగుతుంది? అక్కడే, ఆ చల్లటి గదిలో, ఆఫీసరు నా మోచెయ్యి పట్టుకున్న దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. ఒక్క తిమింగిలాన్ని కూడా చూడలేదని చెప్పాను.

మీ చెల్లెలు అరవలేదు. ఫిల్ము తీసి కవరులో పెట్టింది. అప్పుడు అంది.

"అత్తయ్యగారు మంచాన పడిన ఏడు గుర్తుందా? పిల్లకి జ్వరం, నాకు సెలవు లేదు. ఆ వారమే మీ ఉత్తరం వచ్చింది, డెక్కు మీద కుర్చీలో కూర్చుని పాటలు విన్నానని. దాన్ని చించి చెత్తబుట్టలో పడేశానండీ. ఆయన అక్కడ షికార్లు చేస్తున్నాడు, నేనిక్కడ చాకిరీ చేస్తున్నాను అని ఏళ్ళ తరబడి మిమ్మల్ని లోపల్లోపల తిట్టుకున్నాను. మీరు సెలవుకి వచ్చినప్పుడు సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు, గుర్తుందా? నేనూ ఇక్కడ ఉడికిపోతున్నానని ఒక్క ముక్క రాసుంటే నాకు తోడుగా ఉండేది. ఇప్పుడా తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోను?"

ఇంట్లోవాళ్ళు సంతోషంగా ఉండాలనే రాశాననుకున్నాను ఇన్నాళ్ళూ. నా పరువు కాపాడుకోవడానికి ఆవిణ్ణి ఒంటరిదాన్ని చేశానని అప్పటిదాకా తట్టనే లేదు.

రెండు రోజులు "భోజనం", "తలుపు", "మందులు" అనే మూడు మాటలతో ఇల్లు నడిచింది. మూడో రోజు పొద్దున్నే కొత్త నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చింది.

"ఓడెక్కడం మన ముగ్గురికీ ఇదే మొదటిసారి. మీక్కూడా. ఇకనుంచి మీరేమీ చెప్పకూడదు, అడగాలి. రాసుకోండి."

వెంటనే ఓడ కంపెనీవాళ్ళకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. అవతల ఒక అమ్మాయి, పాపం చాలా ఓపిక ఉన్న పిల్ల. నేను అడిగాను బావా! బళ్ళో కొత్తగా చేరినవాడిలా వరసపెట్టి అడిగాను. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గదికి ఊపు తక్కువట. ఓడ బయల్దేరే రోజుకి ఒక రోజు ముందే రేవు ఊరు చేరుకోవడం మంచిదట, రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు కదా. పెద్ద పెట్టెలు సాయంత్రానికి గానీ గదికి చేరవు కాబట్టి మందులూ, కాగితాలూ, ఒక జత బట్టలూ చేతిసంచీలో ఉండాలట. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలవకముందే వేసుకోవాలట. ఇక కుడివైపా ఎడమవైపా అని అడిగితే ఆ అమ్మాయి నవ్వింది. "అక్కడ ఓడ మెల్లగా చుట్టూ తిరుగుతుందండీ. ఏ వైపున్నా కనిపిస్తుంది." మీ చెల్లెలు నా వంక చూసిన చూపు నువ్వు చూడాల్సింది. ఆ తరవాత ఫోను దగ్గరికి వంగి, "కిటికీ ఉన్న గది వద్దమ్మా, బాల్కనీ ఉన్నది ఇవ్వు" అంది. అది మాత్రం నన్ను అడగలేదు.

అమ్మాయికి చెప్పడానికి మహా భయపడ్డాను. అంతా విని, ఫైలు మూసి కాసేపు మ్యాపు మీద వేలితో రాసుకుంటూ కూర్చుంది. "నాన్నా, ఈ ఉత్తరాలు చదివే నేను భూగోళం టీచర్నయ్యాను. ఉద్యోగం మటుకు నిజమేగా" అంది. తరవాత నా చొక్కా పట్టుకుని ఏడ్చేసింది.

మోకాలికి ఇప్పుడు నొప్పి లేదు. రేపు స్వెట్టర్లు కొనడానికి వెళ్తున్నాం.

నీ
సబ్బు

*

ఓడలోంచి, ఏడో రోజు, మధ్యాహ్నం

బావా,

బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను. కాగితం గాలికి ఎగిరిపోతుంటే మీ చెల్లెలు తన చెప్పు తీసి దాని మీద బరువు పెట్టింది. మడమ గుర్తు కనిపిస్తే ఏమనుకోకు.

మొదటి రోజు నా అవస్థ చెబితే నవ్వుతావు. ప్రమాద సమయంలో ఎక్కడ గుమిగూడాలో నేర్పడానికి అందరినీ పిలిస్తే, నా కాళ్ళు వాటంతటవే సిబ్బంది మెట్లవైపు వెళ్ళిపోయాయి. అమ్మాయి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. భోజనాల హాల్లో దారి తప్పాం. రెండో రోజు అమ్మాయికి కడుపులో తిప్పింది. వాళ్ళమ్మకి మాత్రలు గుర్తుచేస్తూ తను వేసుకోవడం మర్చిపోయిందట!

ఐదో రోజు మీ చెల్లెలు నాకు చెప్పకుండా మా ఇద్దరి పేర్లూ ఒక టూరుకి రాయించింది. ఓడ లోపలి పనులు చూపిస్తారట. ఇరవై మంది ప్రయాణికులం, ముందు వంటగది, ఆ తరవాత లాండ్రీ. తలుపు తెరవగానే ఆవిరీ సబ్బు వాసనా మొహానికి కొట్టాయి. నేను గుమ్మం దగ్గరే ఆగాను. మీ చెల్లెలు నన్ను దాటి లోపలికి వెళ్ళింది. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు దగ్గర నిలబడి, చెమట తుడుచుకోకుండా, అటూ ఇటూ చూసింది. గైడు "ఇక్కడ ఐదు నిమిషాలకంటే ఉండలేమండీ, వేడి ఎక్కువ" అన్నాడు. "ఇక్కడ పనిచేసేవాళ్ళు ఎన్ని గంటలుంటారు?" అంది ఈవిడ. పది అన్నాడు. అప్పుడు అందరికీ వినపడేలా అంది.

"మా ఆయన ఇలాంటి గదిలో పందొమ్మిదేళ్ళు పనిచేశారు. ఆయన్ని చెప్పనివ్వండి."

ఇరవై తలలు నావైపు తిరిగాయి. లాండ్రీవాళ్ళు కూడా చేతిలో పని ఆపి చూశారు. మొదలుపెట్టాను. మిషన్లో నీళ్ళు ఏ పక్కకి ఒరుగుతున్నాయో చూసి పైన అల ఎంతుందో చెప్పేవాళ్ళమని చెప్పాను. దుప్పటి మడతలో చెయ్యి కాలితే దుప్పటికి మరక అంటకుండా ఎలా పక్కకి తీసుకునేవాళ్ళమో చూపించాను. బయట సూర్యుడున్నాడో లేడో ప్రయాణికుల తువ్వాళ్ళు ఇసుకతో వచ్చాయా, పొడిగా వచ్చాయా అన్నదాన్నిబట్టి తెలిసేదన్నాను. ఈసారి ఒక్క ముక్క కల్పించలేదు. ఐదు నిమిషాలు కాస్తా అరగంటయింది. ఎవరూ కదలలేదు. చివర్లో చప్పట్లు కొట్టారు బావా. ముందుగా కొట్టింది రోలరు దగ్గరి మనిషి.

బయటికొస్తుంటే ఆ మనిషే, నడివయసు ఆవిడ, మెల్లగా అడిగింది. "ఎల్లుండి మంచుకొండలట కదండీ, పైన బాగుంటుందా?" ఎన్నేళ్ళు చేస్తోందని అడిగాను. ఆరేళ్ళట. ఇంకా చూడలేదట.

మీ చెల్లెలు ఆ మాట వింది. ఇంకేముంది! గదికి కూడా రాకుండా నేరుగా రిసెప్షనుకి వెళ్ళింది. "ఫిర్యాదు కాదమ్మా, విన్నపం. ఎల్లుండి మంచుకొండల దగ్గర లాండ్రీవాళ్ళని ఒక అరగంట పైకి రానివ్వండి." నిబంధనలు ఒప్పుకోవంది ఆ పిల్ల. ఎవరు మారిస్తే మారతాయని అడిగింది ఈవిడ. ప్రయాణికులు కోరితే మేనేజరు ఆలోచించవచ్చంది.

ప్రయాణం కోసం కొన్న నోటుబుక్కులో ఖాళీ పేజీ తెరిచి, ఆ మధ్యాహ్నం భోజనాల హాల్లో మొదటి బల్ల దగ్గరికి వెళ్ళింది. నాకు సిగ్గేసింది. నలుగురిలో ఇదేం గొడవ అనుకుంటూ పళ్ళెంలోకి తల దించుకున్నాను. మూడో బల్ల దగ్గర ఒకాయన మొహం చిట్లించి, "మేం సెలవుకి వచ్చాం, ఇవన్నీ మాకెందుకు?" అనడం వినపడింది. మీ చెల్లెలు ఒక్క క్షణం తడబడింది. అంతే, లేచాను. ఎలా లేచానో తెలియదు. వెళ్ళి నోటుబుక్కు తన చేతిలోంచి తీసుకుని, "అయ్యా, ఇవాళ మీరు పడుకుని లేచిన దుప్పటి ఇస్త్రీ చేసినవాళ్ళ గురించి" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి పెన్ను అడిగాడు. ఆ హాల్లో బల్లలన్నీ నేనే తిరిగాను. అమ్మాయి పై అంతస్తు హాలు పట్టింది. సాయంత్రానికి పేజీలు చాలక అట్ట మీద కూడా సంతకాలు చేశారు. మేనేజరు నోటుబుక్కు మొత్తం తిరగేసి, "వంతులవారీగా, తలా అరగంట" అన్నాడు.

ఇవాళ ఉదయం ఓడ నెమ్మదించింది. మైకులో చెప్పగానే జనమంతా పై డెక్కు మీదికి చేరారు. కాసేపటికి సిబ్బంది తలుపు తెరుచుకుంది. లాండ్రీ వాళ్ళు పొట్టి చేతుల యూనిఫారాల్లోనే వచ్చారు, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ, గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ వాళ్ళని రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను వెళ్ళి ఆ రోలరు దగ్గరి ఆవిణ్ణి "రామ్మా" అన్నాను. అంతే, జనం రెండుగా చీలి డెక్కు అంచున ఉన్న కమ్మీ దాకా దారి ఇచ్చారు. ఎవరో తన శాలువా తీసి ఆవిడ భుజాల మీద వేశారు. మొన్న మొహం చిట్లించిన పెద్దమనిషి తన దుర్బిణి ఒక కుర్రవాడి చేతిలో పెట్టి ఎలా తిప్పాలో చూపిస్తున్నాడు. వాళ్ళకి చోటివ్వాలని నేను వెనక్కి తగ్గుతుంటే మీ చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికండీ? ముందుకి నడవండి" అంది.

నడిచాను. ఇటు తనూ, అటు అమ్మాయీ, వరసగా లాండ్రీవాళ్ళూ. ఆ మంచు మా కళ్ళముందు విరిగింది. ఆ చప్పుడు తగ్గాక రోలరు ఆవిడ గట్టిగా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అది ఏ రంగులో ఉందో, ఎంత ఎత్తుందో, విరిగేటప్పుడు ఎలా ఉందో నీకు రాద్దామని పెన్ను తీశాను బావా. రాయను. పందొమ్మిదేళ్ళు రాసింది చాలు. అక్కయ్యని తీసుకుని నువ్వే రా, వచ్చి నీ కళ్ళతో చూడు. ఓడ మధ్యలో, కింది అంతస్తు, బాల్కనీ ఉన్న గది అని అడుగు.

పై డెక్కు చూసిన నీ
సబ్బు