చివరి కుర్చీలో అక్క

గోపన్‌పల్లి సత్తెమ్మక్కకు నమస్కారం.

ఇక పోటీ చేయను కనుక, శాసనసభ చివరి రోజున అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుని వచ్చాను. స్పీకర్ గారి నుంచి కొత్తగూడ కార్యకర్తల దాకా ఎవరినీ మరవలేదనుకున్నాను. కారెక్కాక మీరు గుర్తొచ్చారు.

రెండేళ్లుగా ప్రతి సోమవారం, మాదాపూర్‌లో ఊడ్చే పని ముగించుకుని, ఆ నీలం యూనిఫాంలోనే మా క్యాంపు ఆఫీసుకు వచ్చేవారు. చివరి కుర్చీలో కూర్చునేవారు. నేను నమస్కారం పెడితే మీరూ పెట్టి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయేవారు. అది నా మీద అభిమానమనుకుని మురిసిపోయాను.

కారులో ఆ మాటే అంటే నా డ్రైవర్ రాజేందర్ నవ్వలేదు. “ఆమెకు రాయరాదు సార్. అర్జీ కాగితం ఇచ్చినోళ్లనే లోపలికి పిలుస్తరు గద. ఎవరితోనన్న రాయించుకొమ్మంటే, గా ముచ్చట అందరికి చెప్పేది కాదన్నది. మీరే పిలుస్తరేమోనని కూసునేది” అన్నాడు.

కాగితం లేనిదే పిలవొద్దన్న నియమం నాదే.

ఇప్పుడు పదవీకాలం ముగిసింది, నా సంతకానికి విలువ లేదు. అయినా మీరేం చెప్పాలనుకున్నారో తెలియక మనసు నిలవడం లేదు. ఈ ఉత్తరం రాజేందరే మీకు చదివి వినిపిస్తాడు. నేను మీ గుమ్మం బయట నిలబడి ఉన్నాను. పిలిస్తే లోపలికి వస్తాను.

మీ మాజీ ఎమ్మెల్యే